మామ కలిపిన మీగడ రంగు

రండి, ఆ పీట ఇటు జరుపుకొని నా పక్కన కూర్చోండి. గొంతు పెంచి చెప్పే ఓపిక నాకు లేదు. దగ్గరికి వస్తే మీకూ సుఖం, నాకూ సుఖం. మోకాలు సాచుకోవడానికి మధ్యలో ఆగుతాను, అయిపోయిందనుకొని లేచిపోకండి. నేను చదివింది మూడో తరగతి. ఎక్కాలు మరచిపోయాను, పద్యాలు మరచిపోయాను. కళ్లతో చూసింది, చేత్తో ముట్టింది మాత్రం ఒక్కటీ పోలేదు. పోతే బాగుండునని అనుకున్నవి కూడా పోలేదు.

మేమిప్పుడు తూంకుంటలో నా కొడుకు కట్టుకున్న ఇంట్లో ఉంటున్నాం. పక్కింటాయన పేరు కిరణ్, ముప్పై ఏళ్లుంటాయి. పోయిన ఆదివారం పొద్దున అతను తన కారు ముందు గొంతుక్కూర్చుని ఏదో చేస్తున్నాడు. గేటు తగిలి తలుపు మీద జానెడు గీత పడిందట. ఫోనును అద్దానికి ఆనించి పెట్టుకొని, అందులో ఎవరో చెబుతుంటే చూసి చేస్తున్నాడు. గీత చుట్టూ పట్టీలు అంటించాడు, గరుకు కాగితంతో రుద్దాడు, గోళ్లరంగు సీసా అంత సీసా తీశాడు. "రంగు నువ్వే కలిపినవా బిడ్డా?" అని అడిగాను. "లేదు పెద్దమ్మా. బండికి నంబరున్నట్టే రంగుకు గూడ నంబరుంటది. నంబరు చెప్తే మిషను కలిపి పంపిస్తది," అన్నాడు. సీసా మూత తీయగానే, రంగు పలచన చేయడానికి కలిపే తిన్నరు వాసన గాలిలో తేలి నా కుర్చీ దాకా వచ్చింది. నలభై ఏళ్ల కింద రోజూ అన్నంలో కలిసి తిన్న వాసన అది. అంతలో అతని భార్య చాయ్ గ్లాసుతో బయటికి వచ్చి, నిలబడి చూసి, "తేడా కొడ్తాంది. గీత ఉన్నప్పుడే నయముండె," అన్నది. అతను నవ్వి, "నీ కండ్లకు అన్ని కనవడ్తయి," అని గుడ్డతో రంగు తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాడు. అంతే. ఎవరి ముఖమూ మాడలేదు, ఎవరూ అన్నం మానలేదు. నేను కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. ఆ ఒక్క మాట అనలేక మా ఇంట్లో ఏం జరిగిందో ఆ పిల్లలకు చెప్పినా అర్థం కాదు. మీకు చెబుతాను.

నా పుట్టిల్లు శామీర్‌పేట అవతల. మేడ్చల్‌లో ఇచ్చారు. రోడ్డు వదిలి రెండు సందులు తిరిగితే పెంకుటిల్లు, ఇంటికన్నా మూడింతల వాకిలి. మా మామ పేరు నర్సయ్య. ఆ పేరుతో అడిగితే ఎవరూ చెప్పరు, రంగుల నర్సయ్య అంటే చిన్నపిల్లలు కూడా చేయి పట్టుకొని తీసుకొస్తారు. కార్లకు, జీపులకు సొట్టలు తీసి రంగు వేయడం ఆయన పని. సుచిత్ర చౌరస్తా దగ్గర ఒక షెడ్డులో ఇరవై ఏళ్లు చేశాడు. నేను కాపురానికి వచ్చేనాటికి షెడ్డు వాళ్లు ఆయనను పంపించేశారు. నర్సయ్య రంగు కలిపితే తేడా వస్తోందని వాళ్ల మాట. "ఆ రేకుల నీడల ఎవ్వనికైన రంగు తెలుస్తాదే? ఆరుబయట ఎండల చెయ్యాలె ఈ పని," అని మా మామ మాట. అట్లా పని ఇంటికి వచ్చింది. వాకిట్లో ఒక మూల గాలి ట్యాంకు, మోటారు, రంగు చిమ్మే గన్ను, దండెం మీద అత్త చీరల పక్కన రంగు గుడ్డలు.

ఆ ఇంటికి తనదంటూ ఒక వాసన ఉండేది. తెల్లవారి పొయ్యి రాజేస్తే పొగ, దాని మీద చాయ్, దాని మీద తిన్నరు. అత్త బియ్యం డబ్బాను మంచం కింద దాచినా అన్నం ఉడికితే తిన్నరు వాసనే. "నీతోటి కాపురం జేసి నా ముక్కు సచ్చిపోయింది," అని అత్త రోజుకొకసారి అనేది. మామ చేతులు ముందు కిరసనాయిలుతో, తరువాత సున్నిపిండితో కడుక్కొని, జొన్నరొట్టె తుంచి వాసన చూసి నోట్లో పెట్టుకొనేవాడు. పని దిగగానే బెల్లం ముక్క ఒకటి చప్పరించేవాడు, గొంతులో దుమ్ము దిగుతుందని. బీడీ తాగాలంటే సందు చివరికి పోయి, అక్కడ తాగి, నోరు పుక్కిలించుకొని వచ్చేవాడు. తిన్నరు ఉన్న వాకిట్లో నిప్పు ఉండకూడదు. ఎంత అలసిపోయినా ఆ సందు చివరిదాకా నడిచేవాడు. ఆ నడక నాకిప్పటికీ కనబడుతుంది.

ఆ రోజుల్లో మా ఇళ్లల్లో కోడలు మామ ఎదుట పడేది కాదు. పడ్డా తల మీద కొంగు, నేల మీద చూపు. మాట మాత్రం అసలే లేదు. ఆయనకు నీళ్లు కావాలంటే అత్తకు చెబుతాడు, అత్త నాకు చెబుతుంది. అత్త ఇంట్లో లేకపోతే ఆయన బండికి చెప్పేవాడు. నేను తలుపు చాటున ఉన్నానని తెలుసు. "ఏమే బండీ, ఎండ మస్తుగున్నది, చాయ్ దొరుకుతదా?" అనేవాడు. నేను చాయ్ పోసి గడప మీద పెట్టి లోపలికి పోయేదాన్ని. అత్త విన్నదంటే, "బండికి చెవులుంటే ఎప్పుడో పారిపోతుండె," అనేది. ఆయన బండితోనే కాదు, అన్నింటితోనూ మాట్లాడేవాడు. అద్దాల మీద రంగు పడకుండా పాత పేపర్లను మైదా జిగురుతో అంటించేవాళ్లం. ఒకసారి పక్కింటి దూడ వచ్చి జిగురు రుచికి పేపర్లన్నీ నాకి పీకేసింది. మామ దాని ముందు నిలబడి, "అమ్మా దూడమ్మా, వార్తలన్ని చదువుడు అయ్యిందా? ఇగ ఇంటికి పో," అన్నాడు. నేను లోపల కొంగు నోట్లో కుక్కుకొని నవ్వాను.

నేను ఆ పనిలోకి ఎట్లా వచ్చానో చెబుతాను. సొట్ట పడ్డ రేకును లోపలినుంచి తట్టి లేపుతారు. ఎంత లేపినా పూర్తిగా సాపు కాదు. అందుకని పైన పల్లాలు పూడ్చే లప్పం పూసి, ఆరినాక నీళ్లు పోస్తూ పాలిష్ కాగితంతో రుద్దుతారు. అప్పుడు అరచేతి కింద పలచటి గుడ్డ పెట్టుకొని కళ్లు మూసుకొని మెల్లగా నిమరాలి. కంటికి కనబడని పల్లం చేతికి తెలుస్తుంది. దాన్ని అప్పుడు వదిలేస్తే, రంగు పడ్డాక నీళ్లల్లో అల లాగా బయటపడుతుంది. మామ అరచేయి ఎండిన తోలు. అన్నేళ్లు తిన్నరులో నానిన చేయి. నాది బియ్యంలో రాళ్లేరే చేయి. ఒక మధ్యాహ్నం ఆయన పడుకున్నప్పుడు లప్పం దుమ్ము తుడవమని అత్త చెబితే తడిగుడ్డతో తుడుస్తున్నాను. ఒకచోట చేయి కిందికి దిగినట్టయింది. మళ్లీ నిమిరాను, మళ్లీ దిగింది. ఎవరికి చెప్పను? ముగ్గుముక్క తెచ్చి అక్కడ చిన్న సున్నా చుట్టి లోపలికి పోయాను.

లేచినాక మామ దాన్ని చూసి బండినే అడిగాడు. "ఏమే బండీ, ఎవలు పెట్టిర్రే నీకు గీ బొట్టు?"

వంటింట్లోంచి అత్త అన్నది, "కోడలు పెట్టింది. ఆడ ఇంక పల్లమున్నదంట."

"నా చేతికి దొరకంది దాని చేతికెట్ల దొరుకుతదే?" అని గొణుక్కుంటూ ఇనుప స్కేలు తెచ్చి నిలువుగా ఆనించాడు. స్కేలు కింద సన్నగా వెలుతురు కనబడింది. చాలాసేపు అట్లాగే వంగి ఉన్నాడు. "ఉన్నది గదనే," అని బండితో మెల్లగా అన్నాడు. మరునాడు పొద్దున చూస్తే బానెట్ మీద కొత్త సుద్దముక్క ఒకటి పెట్టి ఉంది. నాకోసం పెట్టాడని నాకు తెలుసు.

ఆ తరువాత అది మా ఇద్దరి భాష అయింది. పొద్దున ఆయన రుద్దుతాడు, బీడీకి పోతాడు. ఆయన వచ్చేలోగా నేను నిమిరి గుర్తులు పెడతాను. పల్లానికి సున్నా, ఎత్తుకు నిలువు గీత, సాపుగా ఉంటే ఏమీ పెట్టను. వచ్చి చూసి రుద్దుతాడు, మళ్లీ సందు చివరికి పోతాడు. ఒక డాక్టరు గారి కారు, ఒక పాల వ్యాను, ఇంకెవరిదో జీపు అట్లా చేశాం. ఒక బండికి అసలు ఏ గుర్తూ పెట్టాల్సిన పని పడలేదు. ఆ రోజు మామ బండి తలుపు తట్టి, "శెభాష్," అన్నాడు. బండినే అన్నాడు. నేను ఆ మాటను రెండు రోజులు మనసులో పెట్టుకొని తిరిగాను.

అప్పుడు వచ్చింది ఇస్మాయిల్ సాబ్ కారు. సాబ్ శామీర్‌పేట వైపు ద్రాక్ష తోటలు కౌలుకు పట్టేవాడు. ఇప్పుడు అక్కడ తోటలు లేవు, అపార్ట్‌మెంట్లే. సాబ్‌ది మీగడ రంగు అంబాసిడర్. తోట కంచె తీగ గీసుకొని ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా పొడుగు గీత, మధ్యలో సొట్ట.

"జూడు నర్సన్నా," అన్నాడు సాబ్, "మా అమ్మీ గీ బండి ఎక్కనంటాంది, గీత జూసి పరేషాన్ అయితాంది. సుచిత్రకాడికి తీస్కపోదామని ఎల్లిన. నీ చేతి పని యాదికొచ్చి ఇటు మలిపిన. ఇది మంచిగ జేసినవంటే తోటల తిరిగే జీపులు రెండు గూడ నీ వాకిట్లనే."

ఆ రోజు అన్నం దగ్గర మామ అత్తతో అన్న మాట నాకు తలుపు చాటునుంచి వినబడింది. "గిది కుదిరిందంటే ఇంటికాడ్నే పని సాగుతది. కుదరలేదంటే ఇగ నేను రంగు డబ్బ ముట్ట. షెడ్డోళ్లు అన్నదే నిజమైతది." అత్త పచ్చిపులుసు ఇంకొంచెం పోసింది.

సొట్ట పని నాలుగు రోజులు పట్టింది. ఎన్ని సున్నాలు చుట్టానో లెక్కలేదు. చివరికి తలుపు అద్దంలా సాపైంది. ఐదో రోజు పొద్దున ఎండ ఎక్కగానే మామ రంగు కలపడానికి కూర్చున్నాడు. గిన్నె నిండా తెలుపు, అందులో అగ్గిపుల్లతో పసుపు చుక్క, గోధుమ రంగు చుక్క. కలిపి ఒక చిన్న రేకుముక్కకు పూస్తాడు, చిల్లికి తీగ కట్టి దండేనికి వేలాడదీస్తాడు. తడి రంగు వేరు, ఆరిన రంగు వేరు, ఆరినాకనే నమ్మాలి అనేవాడు. ఆరినాక తలుపు పక్కన పెట్టి చూస్తాడు, తల ఊపుతాడు, ఇంకో చుక్క పసుపు వేస్తాడు. అత్త చీరల మధ్య ఒకటి తరువాత ఒకటి ఏడు రేకుముక్కలు వేలాడాయి. నేను కిటికీ చువ్వలు పట్టుకొని చూస్తున్నాను. మొదటిది బండిలో కలిసిపోయింది, ఎక్కడ బండి, ఎక్కడ రేకు అని తెలియనంతగా. రెండోదీ ఫరవాలేదు. మూడోది నెయ్యి. ఏడోది పెండ్లికూతురుకు పూసే నలుగు. మామ ఆ ఏడోదాన్ని తలుపు మీద పెట్టి, వెనక్కి జరిగి, తల పక్కకు వంచి చూసి నవ్వాడు. "ఇగో, కలిసింది. అక్కచెల్లెండ్ల లెక్కున్నయి," అన్నాడు.

ఆయన కండ్లల్లో పొర వచ్చిందని నాకు అప్పుడు తెలిసింది. ఇంట్లో అందరికీ అంతకుముందే తెలుసునని నాకు తెలియదు.

ఆయన బొటనవేలితో ఆ రంగు కొంచెం తలుపుకు అద్ది, బీడీకి పోయాడు. నేను సుద్దముక్క పట్టుకొని నిలబడ్డాను. పల్లానికి గుర్తుంది, ఎత్తుకు గుర్తుంది. రంగు తప్పు అని చెప్పడానికి మా భాషలో ఏ గుర్తూ లేదు. ఎంతసేపు నిలబడ్డానో. చివరికి ఆ వేలిముద్ర చుట్టూ ఒక సున్నా చుట్టాను. అర్థమవుతుందనుకున్నాను. వచ్చి చూసి, "అయ్యో, ఈడ ఇంక పల్లమున్నదా బండీ?" అన్నాడు. అద్దిన రంగును తుడిచేసి, సాపుగా ఉన్న తలుపు మీద మళ్లీ లప్పం పూసి, పొద్దంతా రుద్దాడు. పెద్దమనిషి, మండుటెండలో, నేను పెట్టిన సున్నాను నమ్మి. ఆ రుద్దే చప్పుడు లోపల కూర్చొని విన్నాను.

ఆగలేక అత్త దగ్గరికి పోయాను. "అత్తా, రంగు పసుపుపచ్చగైంది. మామకు చెప్పు."

అత్త కూరగాయలు తరగడం ఆపలేదు. "నాకు కనవడ్తలేదనుకున్నవా?"

"మరి చెప్పరాదా?"

"షెడ్డోళ్లు అన్ననాడు మూడొద్దులు బువ్వ ముట్టలే. మల్ల నా నోటితోని గదే మాట అనాల్నా? సాబ్ మంచోడు, ఏమనడు. నువ్వు సల్లగ ఉండు బిడ్డా."

మా ఆయన సూరారం ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చి, రేకుముక్క చూసి, దాన్ని మళ్లీ దండేనికి తగిలించాడు. "నాయినకు నేనేం చెప్తనే," అని నీళ్లు పోసుకోవడానికి పోయాడు. ఇంట్లో నలుగురం. తెలియనివాడు ఒక్కడే, ఆయన చేతిలోనే గన్ను.

రంగు వేసే రోజు దుమ్ము లేవకుండా అత్త, నేను వాకిలంతా నీళ్లు చల్లాం. మామ ముక్కుకు రుమాలు కట్టుకొని గన్ను పట్టాడంటే ఆ మనిషే వేరు. మోకాళ్ల నొప్పి ఉండేది కాదు, వణుకు ఉండేది కాదు. ఎడమనుంచి కుడికి, కుడినుంచి ఎడమకు, చీర కుచ్చిళ్లు పోసినట్టు చేయి కదిలేది. మంచు తుంపర లాగా రంగు దిగింది. ఒక్క చుక్క కారలేదు, ఒక్క అల లేదు. అంత చక్కటి పని ఆయన చేతిలో నేను మళ్లీ చూడలేదు. రంగు మాత్రం పసుపు.

మరునాడు పది గంటలకు సాబ్ వచ్చాడు. ఎండ నిలువునా పడుతోంది. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఆ తలుపుల ముందు ఆగాడు. మామ చేతులు తుడుచుకుంటూ, పరీక్ష రాసిన పిల్లవాడిలాగా ఆయన ముఖంలోకి చూస్తున్నాడు. సాబ్ తలుపులను చూశాడు, మామను చూశాడు, కిటికీ వెనక ఉన్న నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను.

"మస్తుగుంది నర్సన్నా," అన్నాడు సాబ్. "గీత యాడుండెనో నాకే యాదికొస్తలేదు. కొత్త బండి లెక్క గొడ్తాంది."

మామ భుజం మీద చేయి వేసి నిమిరి, బండెక్కి పోయాడు. సందు మలుపులో ఆ రెండు తలుపులు తెల్ల రవికకు వేసిన పచ్చ అతుకులా కనబడి మాయమైపోయాయి. మామ ఆ రోజు రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు.

ఇగ ఎదురుచూడడం మొదలైంది. జీపులు వస్తాయని వాకిలి ఊడ్పించాడు. పాలిష్ కాగితాలు గరుకువి ఒక పక్క, నునుపువి ఒక పక్క సర్దాడు. సందులో హారన్ మోగితే లేచి నిలబడేవాడు. కూరగాయల ఆటో అయ్యేది, గ్యాస్ బండి అయ్యేది. మళ్లీ కూర్చునేవాడు. పది రోజులు, పదిహేను రోజులు. వాడని గన్నును రోజూ తిన్నరుతో కడిగి తుడిచేవాడు. ఇంట్లో ఎవరమూ ఆయన ముఖం చూడలేకపోయాం. ఆయన లేచిన ప్రతిసారీ అత్త ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయేది. నాకు కష్టం ఇంకో రకంగా ఉండేది. వాకిట్లో బండి లేదు గనుక ఆయనకు నాతో మాట్లాడే దారి కూడా పోయింది. చాయ్ అడగడానికి కూడా ఏదీ లేదు.

ఒకనాడు అత్త అంగడికి పోయింది, మా ఆయన డ్యూటీకి పోయాడు. నేను గడపలోపల చాటలో బియ్యం ఏరుతున్నాను. మామ గన్నును ఒళ్లో పెట్టుకొని తుడుస్తూ, "ఏమే గన్నూ, మంచిగున్నదనె గద సాబ్. మరి రాడేంది?" అన్నాడు.

చేతిలో చాట ఉంది. మధ్యలో చెప్పడానికి ఎవరూ లేరు.

"మామా, రంగు కుదరలే," అన్నాను.

గన్నే మాట్లాడిందా అన్నట్టు ఆయన ఒళ్లోకి చూసుకున్నాడు. తరువాత మెల్లగా గడప వైపు తిరిగాడు. పెండ్లయి వచ్చిన రెండేళ్లలో నా గొంతు ఆయన వినడం అదే మొదటిసారి.

"ఏమన్నవ్?"

"పచ్చగైంది మామా. తలుపులు రెండు పసుపు పూసినట్టున్నయి."

లేచి దండెం దగ్గరికి పోయి ఏడు రేకుముక్కలూ విప్పి తెచ్చి, గడప మీద వరసగా పరిచాడు. "ఏది కలిసింది?"

నేను కొంగు సవరించుకొని మొదటిదాన్ని ముందుకు జరిపాను.

"మొదటిదా?" దాన్ని తీసి కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టాడు, మళ్లీ దగ్గరగా పెట్టాడు. "నాకు ఏడు ఒక్క తీర్గనే కనవడ్తున్నయి బిడ్డా," అన్నాడు. రేకును గడప మీద పెట్టి, "గా సున్న పెట్టినవ్ చూడు. పల్లానికి కాదన్నట్టు," అన్నాడు.

"కాదు మామా."

"మీ అత్తకెరుకనా?"

"ఎరుకే."

"పిలగానికి?"

"ఎరుకే."

"సాబ్ చూసిండా?"

"చూసిండు."

గన్ను నేల మీద పెట్టాడు. "అందరు నా మొఖం చూసిర్రు. బండిని ఒక్కలు చూడలే," అన్నాడు. కోపంగా అనలేదు. అలసిపోయిన మనిషి చెప్పులు విడిచినట్టు అన్నాడు.

అప్పటికప్పుడే అంగీ వేసుకొని బస్సెక్కి శామీర్‌పేట పోయాడు. సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కొని, అత్త వైపు కాకుండా నా వైపు తిరిగి, "సత్తెమ్మా, ఇటు రా," అన్నాడు. అత్త చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది. "మనకాడ్నించి పోయిన నాలుగో రోజుకే షెడ్డుల మల్ల రంగు ఏపిచ్చిండంట. చెయ్యి పెట్టి చూసిన. మంచిగనే జేసిర్రు. మన లప్పం గీకలే వాళ్లు, మీద రంగొక్కటే మార్చిర్రు. లోపలంత నీ చేతి పనే ఉన్నది." తరువాత అత్తతో చెప్పాడు, "సాబ్ ఏడ్చిండు. నీ మొఖం జూసి నోరు రాలే నర్సన్నా అన్నడు. నా కడుపు సల్లగుండాల్నని అబద్ధమాడకు సాబ్, నా పని పోతది అని చెప్పి వచ్చిన."

పని నిజంగానే పోయింది. అత్తతో అన్నట్టే మళ్లీ రంగు డబ్బా ముట్టలేదు. కండ్లు చూపిస్తే ఒక కంటికి పొర తీశారు, రెండోదానికి ఆలస్యమైందన్నారు. కట్టు విప్పిన రోజు వాకిట్లో నిలబడి, "అబ్బ, గోడలు గింత తెల్లగున్నయా?" అన్నాడు. కన్ను వచ్చాక అయినా గన్ను పట్టుకొమ్మని మా ఆయన బతిమిలాడాడు. పట్టలేదు. సొట్టలు తీసి లప్పం పట్టించే పని మాత్రం ఇంకా కొన్నేళ్లు చేశాం, రంగుకు వేరేవాళ్ల దగ్గరికి పంపేవాళ్లం. గుర్తులు పెట్టడం మానేశాను. నోటితోనే చెప్పేదాన్ని, "ఇంకొంచెం కిందికి మామా, ఆ మూలకు." అత్తకు కొన్నాళ్లు మూతి ముడుపు. "ముప్పై ఏండ్లల్ల నాతోని మాట్లాడనిది కోడలితోని రెండు నెలలల్ల మాట్లాడిండు," అని వచ్చినవాళ్లకల్లా చెప్పేది.

ఇప్పటి పిల్లలు ఏదైనా ముఖం మీదే అంటారని మా ఈడువాళ్లు కోపం చేసుకుంటారు. నాకు ఆ కోపం రాదు. రంగు నంబరుతో వస్తోంది, తప్పు వచ్చే చోటే తగ్గిపోయింది. రేకు పోయి ప్లాస్టిక్ వచ్చింది, సొట్ట పడితే తీసేసి కొత్తది బిగిస్తారు, నిమిరే చేయి ఎవరికీ అక్కర్లేదు. వాటికోసం నాకు పెద్ద దిగులు లేదు. కానీ ఈ మధ్య నా నాలుకకు ఉప్పు తెలియడం లేదు. నేను వండిన రోజు నా కోడలు, "బాగుందత్తమ్మా," అంటుంది. పళ్లెంలో కూర పక్కకు జరిపి పెరుగు కలుపుకుంటుంది. మొన్న పిలిచి, "ఉప్పెక్కువైతే చెప్పు తల్లీ, నేను మూడొద్దులు పస్తుండను," అన్నాను. అది నవ్వింది గానీ చెప్పలేదు. మంచి పిల్ల. మంచివాళ్లతోనే ఈ కష్టం.

చెప్పే నోరు కావడం కూడా సుఖమేమీ కాదు. ఆ రోజునుంచి మామ అన్నీ నన్నే అడిగేవాడు. ఈ అంగీ ఒప్పుతుందా, నా నడక వంకరపోతోందా, ఆ చుట్టం వచ్చింది నాకోసమా, అవసరం కోసమా. ఆయనతో ఏదీ దాచలేను, అది మా మధ్య ఒప్పందం లాగా అయిపోయింది. ఆనాడే ఎందుకు చెప్పలేదు, కిటికీలోంచి చూస్తూ ఎందుకు ఊరుకున్నావు అని మాత్రం ఎన్నడూ అడగలేదు. అడుగుతాడని చాలా ఏళ్లు కాచుకొని ఉన్నాను. ఒక్కసారి తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

ఆయన మంచాన పడ్డ నెలలో ఇల్లంతా చుట్టాలు. వచ్చినవాళ్లంతా "ఏం గాదు నర్సన్నా, వారం రోజులల్ల లేచి తిరుగుతవ్," అనేవాళ్లు. అత్త అదే అనేది, మా ఆయన అదే అనేవాడు. ఒక పొద్దున జావ తాగిస్తుంటే చెంచా పక్కకు జరిపి, "నువ్వు చెప్పు సత్తెమ్మా," అన్నాడు. అత్త నా చేయి గిల్లింది. ఆయన ఆ మంచి కన్నుతో నన్నే చూస్తున్నాడు.

"లేసుడు కష్టం మామా," అన్నాను.

తల ఊపాడు. ముఖంలో భయం లేదు, ఎవరో చుట్టూ కట్టిన గుడ్డ విప్పినట్టు నెమ్మది వచ్చింది. జావ ఇంకో రెండు చెంచాలు తాగాడు. తరువాత మా ఆయనను పిలిచి, గాలి ట్యాంకు ఎవరికివ్వాలో, అత్తను ఎట్లా చూసుకోవాలో ఒక్కొక్కటే చెప్పుకొన్నాడు. చెప్పుకోవడానికి ఆయనకు మూడు రోజులు దొరికాయి. నేను వాకిట్లోకి వచ్చి గోడకు ఆనుకొని కూర్చున్నాను. ఆనాటి అలసట ఇంకా నా వీపులోనే ఉంది.

పొద్దుపోయింది, ఇగ మీరూ పోయి పొయ్యి వెలిగించుకోవాలి. మీ ఇల్లు చల్లగుండాలి. మీ పెద్దల కండ్లల్లో చివరిదాకా వెలుగుండాలి. మీ ఇంట్లో తప్పును తప్పని చెప్పే నోరు ఒక్కటైనా ఉండాలి, ఆ నోటికి అన్నం తక్కువ కాకూడదు, ఆ మాట విన్న చెవికి కోపం రాకూడదు. పిల్లాపాపలతో పచ్చగా బతకండి.